తాడు పట్టిన చేతుల వాటా

మా చిన్నప్పుడు ఒక ఏడాది, మేముండే చిలకలగూడ మాకు లేకుండా పోయింది...

రజాకార్ల భయంతో వీధులకు వీధులే ఖాళీ అవుతున్న రోజులవి. నాన్న బడి వదలలేక ఇక్కడే ఉండి, అమ్మనూ నన్నూ సముద్రం ఒడ్డున ఉన్న అమ్మమ్మ ఊరికి రైలెక్కించాడు. పక్కింటి యాకూబ్ చిచ్చా మా మూట స్టేషన్ దాకా మోశాడు.

ఆ ఊరు అందమైనదే. అది కాదనను. ఏరు సముద్రంలో కలిసే మొగ... మడ చెట్ల మీద తెల్లగా కొంగలు... అడుగు పడగానే బొరియల్లోకి దూరే ఎర్ర పీతలు. నేను సరుగుడు తోటలో పుస్తకం పట్టుకుని కూర్చునేదాన్ని. ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు.

ఒడ్డున ఒక పద్ధతి ఉండేది. పెద్దవల లాగేటప్పుడు తాడు మీద చెయ్యి వేసిన ప్రతివారికీ చేపల్లో వాటా. దారిన పోయేవాడైనా సరే, చిన్నపిల్లైనా సరే. జాలరుల కులపెద్ద స్వయంగా పంచేవాడు.

అమ్మమ్మ గాదె అడుగంటింది. ఒక ఉదయం అమ్మ కొంగు బిగించి తాడు పట్టింది. సూది, బైబిలు తప్ప ఎరగని చేతులు... వల ఒడ్డుకు చేరేసరికి అరచేతులు చిట్లి, ఉప్పునీళ్ళకు మండుతున్నాయి. అయినా నా వైపు చూసి నవ్వింది.

ఆ రోజు పంచాయతీ ప్రెసిడెంటు ఒడ్డుకు వచ్చాడు. జాలరి కాదు, భూములున్నవాడు. పడవలు నిలిపే ఇసుక పంచాయతీదని, అక్కడ తన మాటే చెల్లాలని అతని పట్టుదల. కులపెద్ద అమ్మ కొంగులో వేయబోయిన చేపలను ప్రెసిడెంటు గంపలోకి తిరిగి వేయించాడు.

"నైజాంలోకి కాపురం పోయినదానికి ఇక్కడ వాటా ఏంటమ్మా? ఊరు కానోళ్ళకి లేదు."

అమ్మ పుట్టింది ఆ ఊళ్ళోనే. చేతులు చూపించింది. అతను చూశాడు... చూసి కూడా మాట మార్చలేదు. కులపెద్ద తల వంచుకున్నాడు. ఖాళీ కొంగు దులుపుకుని అమ్మ ఇంటికి నడిచింది.

పోలీసు చర్య అయ్యాక తిరిగి వచ్చాం. ఈసారి భయం చిచ్చా వాళ్ళ ఇంటికి వచ్చింది. నాన్న కొన్నాళ్ళు వాళ్ళ గడప ముందే కాపలాగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మా ఇంట్లో మాత్రం అమ్మ మళ్ళీ చేప వండలేదు.

కొన్నేళ్ళకు ఆ ప్రెసిడెంటు మా గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. స్టేషన్ దగ్గరి బజారులో ఎండుచేపల కొట్టు పెట్టాలట. అక్కడ కొత్త మనిషిని రానివ్వాలంటే పాతకొట్ల వాళ్ళలో ఒకరు అతని కోసం మాట ఇవ్వాలి. అక్కడ పాతకొట్టున్న చిచ్చా మాటకు విలువుంది. "మా ఊరి ఆడపడుచు ఇల్లే కదా, పరాయోళ్ళమా" అంటూ టీ అందుకున్నాడు.

నాన్న చిచ్చాను పిలిచాడు. క్షమించాలన్నది నాన్న నమ్మకం. అమ్మ తలుపు పక్కన చేతులు కొంగులో దాచుకుని నిలబడింది. చిచ్చా ఇద్దరినీ చూసి నా వైపు తిరిగాడు.

"బిడ్డా, నువ్వు ఆ ఊర్ల ఏడాదున్నవ్ గద. గీయన మాట మీద నిలబడెటోడేనా?"

పెద్దల ముందు నేనెప్పుడూ నోరు విప్పలేదు. ఆ రోజు విప్పాను.

"నిలబడతారు చిచ్చా. ఊరు కానివాళ్ళకి వాటా లేదని ఒకసారి అన్నారు. తాడు లాగి చిట్లిన అమ్మ చేతులు చూసి కూడా మాట మార్చలేదు."

టీ కప్పు సగంలో ఆగింది. అమ్మ మెల్లగా కొంగులోంచి చేతులు తీసి అరచేతులు తెరిచింది. మచ్చలు ఇంకా ఉన్నాయి. చిచ్చా వాటిని చూసి లేచాడు.

"మంచి కానూనే పెట్టినవ్ పెద్దమనిషీ. మా బజార్ల సుత గదే నడుస్తది ఇగ."

అతను చెప్పులు వెతుక్కుంటూ వెళ్ళిపోయాడు. సాయంత్రం ప్రార్థనలో దేవుణ్ణి క్షమాపణ అడగమన్నాడు నాన్న. మోకరించాను... అడగలేదు. ఇప్పటికీ అడగలేదు.

ఆ రాత్రి భోజనంలో చేపల పులుసు ఉంది. చిచ్చా ఇంటికీ ఒక గిన్నె వెళ్ళింది.

ఇప్పుడు ఆ ఒడ్డున వల లాగడానికి కూలీలను పెట్టుకుంటున్నారట. చెయ్యి వేస్తే వాటా అనే మాట ముసలివాళ్ళకే గుర్తట... మొగ, కొంగలు, పీతలు అలాగే ఉన్నాయట.

మీ అమ్మల వాటా ఎవరైనా గంపలోకి తిరిగి వేయించారా? ఎలా రాబట్టుకున్నారో చెప్పండి... వింటాను.