ఇండియా పేజీ మీద కొలిచిన దారం

ఒక అబద్ధాన్ని ముప్పై ఏళ్లకు పైగా మోస్తున్నాను. చూడ్డానికి పెద్ద బరువేమీ కాదు. దానివల్ల ఎవరూ చనిపోలేదు, ఎవరూ జైలుకు వెళ్లలేదు. అయినా దించుకోలేకపోయాను. ఎవరికైనా చెబుదామనుకున్నప్పుడల్లా ఎదుటి మనిషి మొహం చూసి మాట మార్చేశాను. మీ మొహం నాకు కనబడదు. అందుకని మీకు చెబుతున్నాను.

నేను డ్రాఫ్ట్స్‌మన్‌ని. కట్టబోయే భవనాలకు కాగితం మీద కొలతలతో బొమ్మలు గీసేవాణ్ని. మా పనిలో గీత కాస్త వంకరపోయినా సర్దుకుంటారు గానీ, స్కేలు తప్పితే ఊరుకోరు. సెంటీమీటరుకు ఎన్ని మీటర్లో కాగితం మూల రాసి ఉంటుంది. ఆ ఒక్క ముక్కను నమ్మి మేస్త్రీ గోడ లేపుతాడు. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, నేను చేసింది పొరపాటేమోనని తర్వాత మీకు జాలి కలగవచ్చు. స్కేలు విషయంలో నాకు పొరపాటు జరగదు.

ఎనభైల చివర్లో ఒమన్ వెళ్లాను. ఇబ్రాలో మా కంపెనీ ప్రభుత్వ భవనాలు కడుతోంది. ఊరి బయట క్యాంపు. రేకుల గదులు, గదికి నలుగురు. శుక్రవారం సెలవు. మధ్యాహ్నం భోజనాలయ్యాక నిద్రపోవడం, బట్టలుతుక్కోవడం తప్ప పనుండేది కాదు. నా దగ్గర రెండో ప్రపంచయుద్ధం గురించి రెండు పాత పుస్తకాలుండేవి, కాకినాడలో రోడ్డు పక్కన కొన్నవి. ఓ శుక్రవారం పక్క మంచం కుర్రాడు అట్ట మీద ట్యాంకు బొమ్మ చూసి ఇదేం కథ అని అడిగాడు. చెప్పాను. పై వారం ఆరుగురు వచ్చారు. నెల తిరిగేసరికి మెస్ హాల్లో చెప్పాల్సి వచ్చింది.

పనికిరాని డ్రాయింగుల వెనకవైపు పటాలు గీసేవాణ్ని. జర్మన్లకు ఎర్ర పెన్సిలు, మిత్రపక్షాలకు నీలం. డన్‌కిర్క్ ఒడ్డున చిక్కుకున్న సైన్యం పడవలెక్కి బయటపడడం ఒక వారం. మిడ్‌వే దగ్గర జపాన్ విమానవాహక నౌకలు నాలుగూ మునిగిపోవడం ఇంకో వారం. స్టాలిన్‌గ్రాడ్‌కు మూడు వారాలు పట్టింది. వీధి వీధికీ, అంతస్తు అంతస్తుకీ ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి పోయిందో సగం తెలుగులో, సగం హిందీలో చెప్పేవాణ్ని. సరిగ్గా పట్టు మీద ఉన్నప్పుడు "ఇక్కడ యుద్ధం మలుపు తిరిగింది" అని పటం చుట్టేసేవాణ్ని. ఇన్ని మలుపులు తిరగడానికి ఇది యుద్ధమా, పాతబస్తీ గల్లీయా అని హైదరాబాదు ఎలక్ట్రీషియన్ ఒకడు అందరినీ నవ్వించాడు. అందరూ నన్ను యుద్ధం సార్ అనేవాళ్లు. ఆఫీసులో నా మాట వినే నాథుడు లేడు. ఇక్కడ ముప్పై మంది రెండు గంటలు కదలకుండా వినేవాళ్లు. ఆ రుచి మరిగాను.

మొదటి వరుసలో మస్తాన్ భాయ్ కూర్చునేవాడు. కడప మనిషి. పెద్ద బండ్ల మెకానిక్కు. వయసులో నాకంటే పదేళ్లు పెద్ద, కంపెనీలో ఆరేళ్లు సీనియరు. గదిలో తనవాళ్లతో దక్కనీ మాట్లాడేవాడు, నాతో కడప తెలుగు. మిగతావాళ్లు ఎంతమంది చచ్చారని అడిగితే, ఆయన మాత్రం ఇసకలో ట్యాంకుల ఫిల్టర్లు ఎన్నాళ్లకు మార్చేవాళ్లని అడిగేవాడు. ఈజిప్టు ఎడారిలో జరిగిన ఎల్ అలమైన్ యుద్ధం చెబుతున్న రోజు, అంత దూరం ఎడారికి నూనె ఎవరు మోశారు, అది ఆగిపోతే బండ్లు ఇనపముక్కలే గదా అన్నాడు. గదికొచ్చి పుస్తకం తిరగేస్తే, జర్మన్ల పెట్రోలు ఓడలు మధ్యధరా సముద్రంలో మునిగిపోయాయని, ట్యాంకులకు నూనె కరువైందని ఉంది. పుస్తకం ముట్టని మనిషికి నాకంటే ముందు తట్టిన సంగతది. అలాంటి మనిషిని నేను మోసం చేశాను.

ఎందుకో చెబుతాను. క్యాంపు వెనక రెండు గదుల ఇల్లొకటి ఉండేది. మా సైటు మొత్తానికి భార్యను తెచ్చుకుని కాపురం పెట్టే వీలున్నది ఆ ఒక్క ఇంట్లోనే. అందులో ఉండే ఇంజనీరు తొంభైలో మస్కట్ పక్కనున్న బౌషర్ ఆఫీసుకు బదిలీ అయ్యాడు. సీనియారిటీ ప్రకారం ఇల్లు మస్తాన్ భాయ్‌ది, ఆయన వద్దంటే నాది. మేనేజరు మా ఇద్దరినీ పిలిచి ఆ మాట చెప్పాడు. ఆయన గల్ఫ్‌కొచ్చి పదకొండేళ్లు. రెండేళ్లకోసారి రెండు నెలల సెలవు. మొత్తం కూడినా భార్యతో ఏడాది కాపురం లేదు. మరి నేనో? పెళ్లయి మూడేళ్లు, కలిసి ఉన్నది అయిదు నెలలు. కూతురు పుట్టినప్పుడు నేను అక్కడ లేను. మా ఆవిడ ఉత్తరంలో రాసింది, పిల్ల ఫొటోను నాన్నా అంటోంది, రేపు మిమ్మల్ని చూస్తే ఏమంటుందో అని. ఆ ఇల్లు నాకు కావాలనిపించింది. అనిపించడం తప్పా? కాదనే అనుకుంటాను. నా తప్పు అక్కడ మొదలు కాలేదు.

ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. కడప జిల్లా నుంచి కువైట్ వెళ్లినవాళ్లు ఎంతమందో మీకు తెలిసే ఉంటుంది. మస్తాన్ భాయ్ తమ్ముడు అక్కడే డ్రైవరు. జోర్డాన్‌లో శిబిరాల పాలై కట్టుబట్టలతో ఇల్లు చేరాడు. ఆ ఉత్తరం అందాక మస్తాన్ భాయ్‌కి తిండి సయించలేదు. మెస్ హాల్లోనూ ఎవరికీ స్టాలిన్‌గ్రాడ్ అక్కర్లేకపోయింది. ఈ యుద్ధం చెప్పమన్నారు. ఇంగ్లీషు రేడియో విని అర్థం చెప్పేవాణ్ని నేనొక్కణ్నే. ఇరాక్ దగ్గరున్న స్కడ్ క్షిపణులు ఎంత దూరం పోతాయో రేడియోలో చెప్పిన అంకె రాసిపెట్టుకున్నాను.

డిసెంబరులో ఒక మధ్యాహ్నం, భోజనాల వేళ, మస్తాన్ భాయ్ నా డ్రాయింగ్ టేబులు దగ్గరికొచ్చాడు. కాగితాలకు గ్రీజు అంటకుండా చేతులు కడుక్కొచ్చాడు. ఆ మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"నిజం చెప్పు సార్. ఆ స్కడ్డు ఈడికి వస్తాదా?"

నా దగ్గర స్కూలు అట్లాసు ఉంది. బొత్తాలు కుట్టుకునే తెల్లదారం తీశాను. ఇండియా పేజీ తెరిచి, దాని కింద ఉన్న స్కేలు మీద రేడియో చెప్పిన దూరం కొలిచి దారం తెంపాను. తర్వాత ఆసియా పేజీ తెరిచాను. దారం ఒక కొస కువైట్ మీద నొక్కిపెట్టి, రెండోది కిందికి లాగాను. అది మస్కట్ దాటింది, ఇబ్రా దాటింది, సముద్రం ఒడ్డున సూరు ఊరూ దాటింది.

ఇండియా పేజీలో సెంటీమీటరుకు వంద కిలోమీటర్లు. ఆసియా పేజీలో మూడు వందలు. ఆ దారంలో మూడో వంతే పెట్టాలి. పెట్టి ఉంటే అది ఖతార్ దగ్గరే ఆగిపోయేది.

ఆయన దారం చివర వేలు పెట్టాడు. "సూరు కూడా దాటిపాయె. సముద్రంలో పడ్న్యాది."

"మీరే చూస్తున్నారుగా భాయ్."

"మా యావిడ పాస్‌పోర్టు వచ్చిండాది. రమ్మంటే వచ్చే నెల ఈడుంటాది. ఏం రాయమంటావు?"

"మాది కాకినాడ. నలభై రెండులో జపానువాళ్ల బాంబులు పడ్డాయి మా ఊళ్లో. మా నాయనమ్మ ఆ సాయంత్రమే ఇంటికి తాళం పెట్టి పిల్లలతో బండెక్కేసింది."

ఆయన దారం మీంచి వేలు తీసి, "అంటే నన్ను గూడా పొమ్మంటావా? పని ఇడ్సిపెట్టి?" అన్నాడు.

"డన్‌కిర్క్ గుర్తుందా భాయ్? వెనక్కి తగ్గడం ఓడిపోవడం కాదు."

"అవు. మళ్లా వచ్చి గెల్సిరి గదా" అన్నాడు.

అంతే. దారం తప్ప నేను చెప్పిన ప్రతి ముక్కా నిజం. బాంబులు పడ్డది నిజం, నాయనమ్మ బండెక్కింది నిజం. నెలన్నరకు తిరిగొచ్చి తాళం తీస్తే ఆవకాయ జాడీ కూడా కదలకుండా ఉందన్నది మాత్రం నేను చెప్పలేదు. డన్‌కిర్క్ సైన్యం తిరిగొచ్చిందన్న మాట ఆయనే గుర్తుచేశాడు. వీసా రద్దయిన మనిషి తనంతట తాను తిరిగి రాలేడని, కంపెనీ పిలిస్తేనే వస్తాడని నాకు తెలుసు. ఆయనకూ తెలుసు. కానీ ఆ నిమిషంలో ఆయన ముందున్నది ఆ దారమే. చదువుకున్నవాడు కొలిచి చూపించాక ఇంకేం ఆలోచిస్తాడు? ఇంజన్ గురించి అడగాల్సినవన్నీ అడిగే మనిషి, స్కేలు గురించి అడగలేదు. అది నా పని కదా. నా పని నాకు తెలుసునని నమ్మాడు.

నెల తిరక్కుండా రాజీనామా చేసి వెళ్లిపోయాడు. బస్సు ఎక్కేముందు నన్ను కౌగిలించుకుని, నువ్వూ ఎక్కువ రోజులు ఉండొద్దు సార్, పిల్లగల్లోడివి అన్నాడు. నేను తొణక్కుండా సరే భాయ్ అన్నాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకు అసహ్యం.

జనవరిలో మొదలైన యుద్ధం ఫిబ్రవరితో అయిపోయింది. ఒమన్‌లో ఒక్క కిటికీ అద్దం పగల్లేదు. మస్తాన్ భాయ్ తొందరపడ్డాడని మెస్‌లో ఎవరో అన్నారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నేను అవసరం లేకపోయినా లేచి, భయం మనిషి చేత ఏదైనా చేయిస్తుందని ఉపన్యాసం ఇచ్చాను. ఆ తర్వాత శుక్రవారం కథలు మానేశాను. కళ్లు నొప్పులన్నాను. మిత్రపక్షాలు ఫ్రాన్సు ఒడ్డున దిగిన నార్మండీ దాకా కూడా రాలేదు. ఆ క్యాంపులో చాలామందికి ఆ యుద్ధం ఎలా ముగిసిందో నా నోటి నుంచి వినే అవకాశం దక్కలేదు.

వేసవిలో మా ఆవిడా, పిల్లా వచ్చారు. పిల్ల నాలుగు రోజులు నా దగ్గరికి రాలేదు, అయిదో రోజు వచ్చింది. మా ఆవిడ వంటగదిలో నిలబడి, ఈ అరలు ఇంత కిందికి ఎవరు కొట్టారండీ, నడుం పడిపోతుంది అంది. అంతకుముందు ఉన్నవాళ్లెవరో అన్నాను. ఇల్లు తనదేనని ఖాయమయ్యాక మస్తాన్ భాయ్ నాలుగు శుక్రవారాలు కూర్చుని కొట్టిన అరలవి. వాళ్లావిడ పొట్టి మనిషట. చేతికి అందాలని కొలిచి మరీ కొట్టాడు. ఆయన మేకులు కొడుతుంటే పలక పట్టుకున్నది నేనే.

ఆ ఇంట్లో ఎనిమిదేళ్లు ఉన్నాం. రెండో పిల్ల అక్కడే పుట్టింది. సుఖంగా ఉన్నాను. పశ్చాత్తాపంతో కుమిలిపోయానని రాస్తే బాగుంటుంది కానీ అది నిజం కాదు. ఎప్పుడైనా మా ఆవిడ ఆ అరల దగ్గర వంగినప్పుడు ఒక్క క్షణం అటు చూడకుండా ఉండేవాణ్ని, అంతే.

ఇంకొకటి ఉంది. దారం సంగతి కన్నా ఇది చెప్పడమే కష్టం. ఆ ఏడాది చివర ఆయన దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. మీరు క్షేమమని తెలిసి సంతోషం, ఆ రోజు మా మంచికే చెప్పినారు, ఎట్లా జరగాలో అట్లా జరిగింది, అర్బాబ్‌తో ఒక్క మాట చెప్పండి, పిలిస్తే వస్తాను, లేకుంటే కువైట్ పోతాను, అక్కడ కాలిపోయిన బండ్లు శానా ఉండాయంట, అని. అర్బాబ్ అంటే మా యజమాని. ఆ ఉత్తరానికి వారం ముందే మేనేజరు నన్ను అడిగి ఉన్నాడు, మస్తాన్ లాంటి మెకానిక్కు దొరకడం లేదు, నీ స్నేహితుడే కదా, వస్తాడేమో రాయి అని. ఆయన ఊళ్లో సొంత షెడ్డు పెట్టుకున్నాడు సార్, రాడు అన్నాను. ఎందుకన్నాను? ఆయనొస్తే ఇల్లు ఖాళీ చేయాల్సి వస్తుందనా? లేక రోజూ ఆయన మొహం చూడాల్సి వస్తుందనా? ఇన్నేళ్లయినా తేల్చుకోలేకపోయాను. ఉత్తరానికి జవాబు రాయలేదు.

పోనీలే, కడపలోనే భార్యతో ఉండిపోయాడేమో, ఒక రకంగా ఆయనకు మేలే చేశానేమో అని కొన్నాళ్లు సర్దిచెప్పుకున్నాను. అదీ నిలవలేదు. తొంభై అయిదులో కడప కుర్రాడొకడు సైటులో చేరాడు. మస్తాన్ భాయ్ కువైట్‌లో ఒక షెడ్డులో పనిచేస్తున్నాడని, ఎనిమిది మంది ఉండే గదిలో ఉంటున్నాడని, రెండేళ్లకోసారి ఊరికొస్తాడని చెప్పాడు. ఆయన భార్య గురించి నేను అడగలేదు.

ఇవాళ మా ఆవిడ కాఫీ తెచ్చి, ఏం రాస్తున్నారని అడిగింది. పాత సంగతులు అన్నాను. ఆమెకు ఈ సంగతి తెలియదు. చెబితే ఆ ఎనిమిదేళ్లూ ఆమెకు కూడా చేదవుతాయి. ఇది ఆమె కోసం దాచానా, నా కోసమా అంటే, నా కోసమే.

ఆయన ఉత్తరం నా దగ్గరే ఉంది. దాని మీద ఊరి చిరునామా ఉంది. ఇదంతా రాయాల్సింది అక్కడికి, మీకు కాదు. ఆ మాత్రం తెలియక కాదు. అక్కడ ఆ ఉత్తరం ఎవరో ఒకరు తెరుస్తారు. ఆయనే తెరిస్తే ఏమంటాడోనని కాదు నా భయం. మంచికే చెప్పినావులే సార్ అని మళ్లీ అంటాడేమోనని. అంటే తట్టుకోలేను.

కాబట్టి మీకు రాశాను. కావాలనే తప్పు కొలిచానని మొదటిసారి ఒక కాగితం మీద పెట్టాను. నా గుండె తేలికపడింది. మస్తాన్ భాయ్‌కి మాత్రం దీనివల్ల ఒరిగిందేమీ లేదు.