చెప్పుల పక్కన చాప

మంగళవారం పొద్దున్న నేను పళ్ళు తోముకుంటూ ఉండగా ఇప్పటి పాస్టరుగారు ఫోన్ చేసి, "మాస్టారూ, పెద్దయ్యగారి ఫోటో మంచిది ఏదైనా ఉందా మీ దగ్గర? కొంచెం నవ్వుతున్నది. ఫ్లెక్సీకి" అన్నారు. మా పాత పాస్టరుగారు పోయారన్న కబురు నాకు అలా అందింది. ముందు ఫ్లెక్సీ, తరవాత చావు. నోట్లో నురగతోనే, "ఎప్పుడండీ?" అని అడిగాను. "తెల్లారగట్ల ప్రభువునందు నిద్రించారు. ఫోటో మాత్రం తొమ్మిదిలోగా పంపాలి మాస్టారూ, షాపువాడు తొందరపెడుతున్నాడు" అన్నారాయన.

ఫోటో నా దగ్గర లేదు. ఆయన ఫోటోకి నవ్విన మనిషి కాదు. చివరికి వాళ్ళే ఎక్కడో ఆధార్ కార్డులో ముఖం దొరికించుకుని, దాని కింద ఆయన జన్మలో తొడగని కోటు తొడిగించి, టై కట్టించి, కళింగపట్నం రోడ్డు మలుపులో నిలబెట్టారు. పేరుకి ముందు రెవరెండ్ డాక్టర్ అని వేశారు. ఆయన ఏ డాక్టరో నాకు తెలియదు. నలభై ఏళ్ళు ఎరుగుదును, తలనొప్పి మాత్ర కూడా పక్కింటివాళ్ళని అడిగే వేసుకునేవారు. ఫ్లెక్సీ అడుగున సంఘం కమిటీవాళ్ళ ముఖాలు వరసగా, చనిపోయినవాడి ముఖం కన్నా నిండుగా, నల్ల కళ్ళద్దాలతో సహా ఉన్నాయి. చచ్చినది ఎవరో తెలియని మనిషి ఆ దారిన పోతే అందరికీ కలిపి దండం పెట్టేసి పోతాడు.

సమాధి రోజున పెట్టె మీద శాలువాలు కప్పడానికి లైను కట్టారు. నాకు నవ్వొచ్చింది. ఆయనకి శాలువా కప్పితే ఏం చేసేవారో ఈ లైనులో సగం మందికి తెలుసు. బతికుండగా వచ్చినదొకటి మందిరంలో హార్మోనియం పెట్టెకి దుమ్ము పడకుండా కప్పారు. ఇంకొకటి, జరీ అంచుది, వానాకాలం కిటికీ సందులో కుక్కారు. కప్పినాయన వచ్చి చూసి ముఖం మాడ్చుకుంటే, "మంచి గుడ్డండి, చుక్క నీరు దిగనేదు" అని మెచ్చుకున్నారు. ఇప్పుడు పాపం ఆయన లేచి ఆ శాలువాలన్నీ ఏ సందులో కుక్కాలో చూసుకోలేరు కదా.

జ్ఞాపకార్థ కూడికకి ఒక చిన్న పుస్తకం వేస్తున్నారు. "మీరు రిటైరైన తెలుగు మాస్టారు, ఆయన కాలంలో సంఘానికి కార్యదర్శి. 'అయ్యగారి నీతి జీవితం, దైవిక నాయకత్వం' అని రెండు పేజీలు రాయండి. కొంచెం ఆత్మీయంగా" అని నన్ను అడిగారు. రాస్తున్నాను. ఆత్మీయంగా ఉందో లేదో చదివాక చూసుకోండి.

ఆయన సైకిలు తొక్కేవారు, పొద్దున్నే చోడి అంబలి తాగేవారు, మందిరం వసారా తనే తుడుచుకునేవారు అని మిగతావాళ్ళు రాస్తారు. రాయనివ్వండి. అవన్నీ నిజమే. కానీ సైకిలు తొక్కినవాళ్ళందరూ నీతిమంతులైతే మా పోస్టుమేను ఎప్పుడో పరలోకానికి పోయుండాలి. నేను చెప్పేది శనివారాల గురించి.

మా సంఘంలో నెలకి మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన. దానికి ముందురోజు సాయంత్రం సిద్ధపాటు కూడిక ఉండేది. అయ్యగారు బల్ల మీద పరిచే తెల్లగుడ్డ మడత పెట్టుకుంటూ, చిన్న గాజు గిన్నెలు ఒక్కొక్కటీ ఎత్తి వెలుగులో చూసి తుడుచుకుంటూ కూర్చునేవారు. ఎవరికి ఎవరితో గొడవ ఉందో వాళ్ళు అక్కడే తేల్చుకోవాలి. తేలితేనే రేపు రొట్టె. ఎవరైనా లేచి, "మా తోటికోడలికి నీతి లేదండి" అని మొదలెడితే ఆయన గిన్నె తుడవడం ఆపి, "'నీ నీతి సంగతి సెప్పమ్మా' అంతే ఎదురింటోలి సంగతి సెప్తావేటి?" అనేవారు. అన్నీ అయ్యాక చివర్న, "ఇంకెవురైనా ఉన్నారా?" అని అడిగి ఊరుకునేవారు. ఆ ఊరుకోవడం చాలాసేపు ఉండేది. నేను ఫ్యాను వంక చూసేవాడిని.

గొడవ తేలనివాళ్ళు, తప్పు చేసి దొరికినవాళ్ళు ఆదివారం నాడు వెనక్కి పోయి, గుమ్మం దగ్గర చెప్పులు విడిచే చోట పరిచిన చాప మీద కూర్చోవాలి. రొట్టె పంచే ట్రే వాళ్ళని దాటి పోయేది. బల్ల ఆపేయడం అంటే అది. ఆ చాపని మేము చాలా పవిత్రంగా చూసేవాళ్ళం, ఎందుకంటే మేము ఎప్పుడూ దాని మీద కూర్చోలేదు.

మా సంఘంలో ఎండుచేపలు అమ్మే ఆవిడ ఒకావిడ ఉంది. మొగుడు పోయాడు. అత్తగారు మాత్రం బాప్తిస్మం తీసుకోలేదు, కోడలి దగ్గరే ఉండి తన దేవుళ్ళకి తను దండం పెట్టుకునేది. ఒక ఆదివారం ఈవిడ నడుం నొప్పని చెప్పి ముందు వరసలో నా కుర్చీలో కూర్చుంది. అది మా నాన్న మందిరానికి ఇచ్చిన కుర్చీ, వెనక మా ఇంటిపేరు రాయించి ఉంది. లెమ్మన్నాను. ఆవిడ లేచింది. లేస్తూ, "కుర్సీ మీద పేరున్నాది సరే మేస్టారూ, పైన దేవుడి పుస్తకంలో ఉన్నాదో లేదో ఓపాలి సూసుకోండి" అంది. ఆడవాళ్ళ వైపు నుంచి ఒకటే నవ్వు. ఆ నవ్వు నాకు చెవుల్లో వారాలపాటు మోగింది. బడిలో పిల్లలకి క్షమాగుణం మీద వ్యాసం రాయిస్తూ కూడా దాన్నే తలుచుకునేవాడిని.

తరవాత కొన్నాళ్ళకి నేను బస్సులో పోతూ ఉంటే శ్రీకూర్మం గుడి దగ్గర ఈవిడ కనబడింది. అత్తగారిని వీపున వేసుకుని మోసుకొస్తోంది. ముసలావిడ నడవలేదు, చచ్చేలోగా ఒక్కసారి స్వామిని చూడాలని కోరిక. నేను చూస్తూ ఉండగానే ఆవిడ అత్తని బంధువులకి అప్పగించి, తను మెట్ల దగ్గర ముసలావిడ చెప్పులు, చేతికర్ర పట్టుకుని కూర్చుంది. బస్సు కదిలింది.

ఆ వారం కమిటీలో నేను చెప్పిన మాట ఇది: "ఫలానా ఆవిడని శ్రీకూర్మం గుడి మెట్ల దగ్గర చూశాను." అంతే. ప్రతి అక్షరమూ నిజం. తెలుగు మాస్టారిని కదా, ఎక్కడ ఆపాలో నాకు తెలుసు. ఆవిడ స్వామికి మొక్కొచ్చిందని మిగతాది కమిటీవాళ్ళే పూర్తిచేసుకున్నారు. అయ్యగారు కాస్త తటపటాయించారు గానీ, అందరూ ఒక్కటై కూర్చునేసరికి ఆదివారం నాడు మైకులో ఆవిడకి బల్ల ఆపేశామని చెప్పారు. ఆవిడ తన చేపల తట్ట పట్టుకుని వెనక్కి పోయి చాప మీద కూర్చుంది. నేను నా పేరున్న కుర్చీలో కూర్చున్నాను.

మూడు బల్లలు అలా దాటిపోయాయి. నాలుగో నెల్లో ఆ ముసలావిడ మంచం పట్టిందంటే అయ్యగారు చూడటానికి వెళ్ళారు. ఆయనకి మన మనిషి, పర మనిషి అని లేదు, ఎవరు మంచం పట్టినా వెళ్ళి పక్కన కూర్చునేవారు. ముసలావిడ ఆయన చెయ్యి పట్టుకుని, "బాబూ, నా కోడలు నన్ను ఈపు మీద మోసుకెల్లి సామిని సూపించినాది. 'నువ్వూ రాయే లోపలికి' అంతే, 'నేను రాకూడదత్తా, నీ జోళ్ళు కాసుకుంతా'నన్నాది. ఇలాటి కోడలు ఎవలికుంతాది?" అందట.

అయ్యగారు అక్కడినుంచి తిన్నగా మా ఇంటికి వచ్చారు. సైకిలు స్టాండు వేయలేదు, గోడకి ఆనించారు.

"మేస్టారూ, మీరు సూసినప్పుడు ఆల అత్త ఉన్నాదా?"

"ఉందండి."

"ఈపు మీద?"

"అవునండి."

"మరి సెప్పలేదేటి?"

నేనన్న మాట ఈ రోజుకీ నా నోట్లో పుల్లగా ఉంది. "మీరు అడగలేదండి" అన్నాను.

ఆయన నన్ను తిట్టలేదు. తిడితే బాగుండును, నేనూ ఏదో ఒకటి అని గొడవ పెట్టుకుని సంఘం మారిపోయేవాడిని. కాసేపు సైకిలు బెల్లు వంక చూసి, "అవును. నేను అడగనేదు" అని వెళ్ళిపోయారు.

శనివారం కమిటీని పిలిచి సంగతి చెప్పారు. నా పేరు ఎత్తలేదు. "రేపు ఆవిడని బల్లకి పిలుస్తాను. ఆవిడ మూడు నెల్లు కూకున్నాది గదా, నేను మూడు నెల్లు కూకుంతాను" అన్నారు. కమిటీకి గుండె ఆగినంత పనైంది. ఆవిడ మీద జాలితో కాదు. "ఇంటికెళ్ళి ఒక మాట చెప్పేస్తే సరిపోతుంది కదండీ, పదిమందిలో ఎందుకు? కాపరి తగ్గితే సంఘం పరువేం కావాలి?" అన్నారు. ఆ మాట అందరికన్నా గట్టిగా అన్నది ఎవరో మీరు ఊహించగలరు. ఆయన గిన్నె తుడుస్తూనే, "తప్పు మైకులో సేసి, సెవిలో ఒప్పుకుంతే ఎలాగండి?" అన్నారు.

మర్నాడు విజయనగరం నుంచి ఒక ముసలి పాస్టరుగారిని బతిమాలి పిలిపించుకున్నారు బల్ల ఇవ్వడానికి. మా అయ్యగారు మైకు దగ్గరికి వచ్చి, ఎండుచేపల ఆవిడని పేరు పెట్టి పిలిచి, "ఈ యమ్మ తప్పు సెయ్యలేదు. అత్తను మోసినందుకు నేను బల్ల ఆపీసేను. సగం మాట ఇన్న సెవి నాది, మిగతాది అడగని నోరు నాది. నన్ను సెమించండి" అన్నారు. తరవాత మందిరం మధ్యలోంచి నడిచి వెనక్కి పోయి, చాప మీద మఠం వేసుకుని కూర్చున్నారు. ట్రే ఆయన్ని దాటి పోయింది.

నేను రొట్టె తీసుకున్నాను. ఆ ముక్క నా గొంతుకి అడ్డం పడిందని, నేను కుమిలి కుమిలి ఏడ్చానని రాస్తే ఈ పుస్తకానికి బాగుంటుంది. ఏమీ అడ్డం పడలేదు. సుబ్బరంగా దిగిపోయింది. ఆ రోజు మధ్యాహ్నం మా ఇంట్లో రొయ్యల కూర, అదీ దిగిపోయింది. మూడు నెలలూ ఆయన చాప మీద, నేను కుర్చీలో. నాకు అన్నిటికన్నా అసహ్యం ఆ సుఖంగా దిగిపోవడమే.

ఆ తరవాత ఆయన రిటైరయ్యేవరకూ ప్రతి నెలా శనివారం నాడు, "ఇంకెవురైనా ఉన్నారా?" అని అడుగుతూనే ఉన్నారు. నా వైపు ఎప్పుడూ చూడలేదు. ఆయన ఎవరి కోసం ఆగుతున్నారో ఆ గదిలో నాకొక్కడికే తెలుసనుకునేవాడిని. ఒకసారి ఒంటరిగా దొరికితే, "అయ్యగారూ, ఆ రోజు తప్పు నాదేనండి" అని గొణిగాను. "నా సెవిలో సెప్తన్నారేటి మేస్టారూ" అని భుజం తట్టి వెళ్ళిపోయారు. నాయకుడంటే ముందు నడిచేవాడని మా కమిటీ ఇప్పటికీ ఉపన్యాసాలు ఇస్తుంది. ఆయన చేసినదల్లా ముందు ఒప్పుకోవడం, తరవాత మా కోసం ఆగడం. అంత ఓపిక నాలాంటివాడి మీద ఖర్చు పెట్టినందుకు నేను ఆయనకి రుణపడి ఉన్నాను.

ఇప్పుడు సిద్ధపాటు కూడిక లేదు. దాని బదులు శనివారం డ్రమ్స్ ప్రాక్టీసు, ఫేస్‌బుక్ లైవు. గొడవలు ఎక్కడివక్కడే ఉన్నాయి, సౌండు మాత్రం బాగుంది.

ఆయన్ని సమాధి చేసిన వారంలోనే మొదటి ఆదివారం వచ్చింది. వేదిక మీద ఇప్పటి పాస్టరుగారు, "ఆ దైవజనుని అడుగుజాడల్లో నడుద్దాం!" అని అరుస్తున్నారు. ఆ అడుగులు ఎటు పోయాయో నేను కళ్ళారా చూసినవాడిని. ట్రే నా వరస దాకా రాకముందే లేచాను. మధ్యదారిలో నడిచి వెనక్కి వెళ్ళాను. మైకులో, "మన మాస్టారికి ఒంట్లో బాగోలేదనుకుంటాను, ప్రార్థించండి" అన్నారు. హల్లెలూయా అన్నారు అందరూ.

గుమ్మం దగ్గర చాప ఇంకా ఉంది. దాని మీద ఎండుచేపల ఆవిడ కూర్చుని ఉంది. ఆవిడకి ఎవరూ బల్ల ఆపలేదు. అయ్యగారు కూర్చున్న చోటని చెప్పి, ఆవిడ అప్పటినుంచీ అక్కడే కూర్చుంటుంది. నేను నిలబడి, "అమ్మా, ఆ రోజు శ్రీకూర్మంలో..." అని మొదలుపెట్టాను.

"తెల్సు మేస్టారూ" అంది. "మీరు బస్సులోంచి నన్ను సూసేరు. నేను మిమ్మల్ని సూడలేదనుకున్నారేటి?"

ఇన్నేళ్ళు. మా ఇంటి ముందు నుంచి తట్టతో పోతూ, నా భార్యకి చేపలు ఇస్తూ, పండగకి నాకు వందనాలు చెబుతూ, ఇన్నేళ్ళూ ఆవిడకి తెలుసు. ఒక్కరికీ చెప్పలేదు. అంటే ఆ శనివారాల్లో ఆయనతో పాటు ఇంకొకరు కూడా నా కోసం ఆగారన్నమాట.

ఇది నేను కమిటీకి ఇస్తున్నాను. వాళ్ళు కోసేస్తే, కూడిక రోజున మైకు దగ్గరికి వచ్చి నేనే చదువుతాను. సెవిలో చెప్పడం అయిపోయింది.

ఆ ఆదివారం ఆవిడ తన తట్ట ఎత్తి అటు పక్కన పెట్టుకుంది. చాప మీద ఒక మనిషికి చోటు వచ్చింది.

"కూకోండి. మూడు నెల్లు" అంది.

కూర్చున్నాను. ట్రే వచ్చింది. ఆవిడ రొట్టె తీసుకుంది, నన్ను దాటి ట్రే వెళ్ళిపోయింది. గుమ్మంలోంచి సముద్రం గాలి వచ్చి చాప అంచు లేచి లేచి పడుతూ ఉంటే, ఆవిడ ఒక చేత్తో రొట్టె పట్టుకుని, రెండో చేత్తో నా చెప్పుల జత తీసి దాని మీద బరువుగా పెట్టింది.