పంచాంగం ఫైలుకు నేను పెట్టిన దండం

ఈ మధ్యాహ్నం సుజాతక్క ఫోన్ చేసింది. ఇక్కడ అమెరికాలో, అల్ఫారెట్టాలో మా వీధిలోనే ఉంటుంది. ల్యాప్‌టాప్‌లో పంచాంగం ప్రోగ్రామ్ తెరవబోతే, తయారుచేసినవాళ్లెవరో తెలియదంటూ కంప్యూటర్ అడ్డుపడుతోందట.

"ఆ ఫైల్ ఎక్కడిదక్కా?" అన్నాను.

"మన కమ్యూనిటీ వాట్సాప్ గ్రూప్‌లో వచ్చింది కదా. నువ్వే ఓకే చేశావు."

"నేనా?"

"కింద దండం పెట్టావుగా! కంప్యూటర్ సెక్యూరిటీలో జాబ్ చేసేవాడు చెక్ చేయకుండా పెడతాడా అని మేమంతా డౌన్‌లోడ్ చేసేసుకున్నాం."

నిజమే, పెట్టాను. పొద్దున్నే గ్రూప్‌లో ఏది వచ్చినా ఒక దండం బొమ్మ పెట్టేసి ఆఫీసు పనిలో పడటం నా అలవాటు. ఫైల్ పేరైనా చదవలేదు.

ఇప్పుడు చూశాను. తయారీదారు పేరు లేదు. గ్రూప్‌లో పెట్టినాయనకూ అది ఎవరో ఫార్వర్డ్ చేసిందే. స్కాన్‌లో వైరస్ ఏదీ దొరకలేదు గానీ, దొరకనంత మాత్రాన లేదని కాదు. తిథి చూసుకోవడానికి అందరి గోడల మీదా క్యాలెండర్లు ఉన్నాయి. అందుకే "ఆ ఫైల్ ఎవరూ తెరవకండి, డిలీట్ చేయండి" అని గ్రూప్‌లో రాశాను.

ఐదు నిమిషాలు తిరక్కుండానే దాని కింద దండాలే దండాలు. వీటిలో చదివి పెట్టినవి ఎన్ని ఉంటాయంటారు? దయచేసి మాటల్లో చెప్పండి, దండం మాత్రం పెట్టకండి.