ఆరో చానెల్ మీద తీర్చుకున్న పగ

ఈ మధ్య ఉస్మానియా బిస్కెట్లలో ఉప్పు తగ్గింది. మా గల్లీ మొదట్లో ఉన్న బేకరీ ఆసామికి మూడు నెలలుగా ఈ సంగతి సౌమ్యంగా మనవి చేసుకుంటూనే ఉన్నాను. అందరికీ బీపీలొచ్చినయి సాబ్ అంటాడు తప్ప ఉప్పు మాత్రం వేయడు. అటువంటి చప్పిడి బిస్కెట్‌నొకదాన్ని పోయిన ఆదివారం చాయ్‌లో ముంచుకుంటూ కూర్చున్న సమయానికే ఇంటర్నెట్ వాళ్ల మనిషి ఒకాయన వచ్చి, మా పాత వైఫై డబ్బాను ఊడబీకి కొత్తది బిగిస్తూ, తలమీద ఉన్న కొద్దిపాటి తెల్లజుట్టు సాక్షిగా ఒక మాటడిగాడు.

"ఇంట్ల కార్డ్‌లెస్ ఫోన్ గిట్ల ఉన్నదా సార్? ఉంటే దీనికి జర దూరం పెట్టుండ్రి. రెండిటికి పడది."

రెండింటికీ పడదన్న సంగతి మా గౌలిపుర మొత్తం మీద నాకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదని నేను ఆయనకు వెంటనే చెప్పలేదు. కాని చేతిలోని బిస్కెట్ విరిగి చాయ్‌లో పడిపోయింది, నేను ఇరవై ఏళ్లు వెనక్కి పోయాను.

నా ఈడువాళ్లకు కార్డ్‌లెస్ ఫోన్ అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. గోడ దగ్గర దాని పీట ఉండేది, చేతిలో దాని బుర్ర ఉండేది, బుర్ర పట్టుకున్న మనిషి ఇల్లంతా జాగీర్దారులా తిరుగుతూ మాట్లాడేవాడు. సెల్‌ఫోన్లు వచ్చేసినా, ఇంటి నంబరుకే అలవాటుపడ్డ బేరగాళ్లున్న వ్యాపారస్తులు దాన్ని వదిలేవారు కారు. మా పెద్దనాయన కొడుకు అటువంటివాడు. నాకంటే ఆరేళ్లు పెద్ద. మాది తరతరాలుగా పాలు పోసే ఇల్లు; అతను పదహారు బర్రెలతో ఆ వృత్తిలోనే ఉన్నాడు, నేను డిగ్రీ చదివి ప్రభుత్వ సంస్థలో గుమాస్తా కొలువు సంపాదించాను. మా వంశంలో డిగ్రీ పాసైన మొదటివాణ్ణి నేనే. బర్రెలు ఆ విషయాన్ని పట్టించుకోలేదు, అన్న కూడా పట్టించుకోలేదు.

తాతగారి ఇంటిని మా తండ్రులిద్దరూ నడుమ గోడ పెట్టి పంచుకున్నారు. ఆ గోడలో ఒక దీపం గూడుండేది. మా వాళ్లలో ఒక ఆనవాయితీ ఉంది: ఇల్లు పంచుకున్నా దీపం గూడును మూయకూడదు, రెండు కాపురాలకూ వెలుగు అటూ ఇటూ పోవాలి. అందుకని పెద్దమనుషులు దాన్ని రెండువైపులా తెరిచే ఉంచి, మర్యాద కోసం మధ్యలో పలుచటి చెక్క ఒకటి నిలబెట్టారు. తర్వాత కరెంటు వచ్చింది, టెలిఫోన్ తీగ వచ్చింది, పాత సున్నపు గోడ ఇంకెక్కడా మేకును పట్టి ఉంచక ప్లగ్గులూ తీగలూ అన్నీ ఆ గూటిలోకే చేరాయి. మా వైపూ అంతే, వాళ్ల వైపూ అంతే.

ఆనాటికి అన్నకూ నాకూ పదకొండేళ్లుగా మాటల్లేవు. కారణం మోరీ, అంటే మురికికాలువ. అతని బర్రెల కొట్టం కడిగిన నీళ్లు మా గడప ముందు నుంచే పోవాలని అతనూ, పోకూడదని నేనూ అనుకునేవాళ్లం; నీళ్లు అతని పక్షాన ఉండేవి.

అప్పుడే మా అమ్మాయికి ఇంట్లో కూర్చుని చేసే పని ఒకటి దొరికింది. ఎక్కడో విదేశాల్లో డాక్టర్లు రోగుల గురించి గొణిగిన మాటలను చెవిలో పెట్టుకుని విని, టైపు చేసి, సాయంత్రం ఏడు లోపల పంపాలి. మూడుసార్లు ఆలస్యమైతే పని తీసేస్తారు. మా ఇంట్లో ఒక ఆడపిల్ల ఎవరి సిఫారసూ లేకుండా తనంతట తాను తెచ్చుకున్న తొలి కొలువు అది. దాని మీద మా అమ్మాయికి ఎంత ప్రాణమంటే, కొత్త కుర్చీకి చుట్టిన ప్లాస్టిక్ కాగితం కూడా తీయనిచ్చేది కాదు. బర్రెల అరుపులు వినపడకుండా పైన మేడగదిలో కంప్యూటర్ పెట్టుకుంది. పైదాకా తీగ లాగడానికి గోడ ఒప్పుకోలేదు కనుక, వైర్‌లెస్ డబ్బా కొని దీపం గూట్లో పెట్టాను.

నెల తిరగకుండా రెండుసార్లు ఆలస్యమైంది. సరిగ్గా ఆరు దాటి ఫైల్ పంపబోయేసరికి నెట్ చచ్చిపోయేది, కాసేపటికి దానంతటదే లేచి కూర్చునేది. మేడ మీద మా అమ్మాయి గోళ్లు కొరుక్కునేది, కింద నేను డబ్బాను ఆపి, వేసి, తట్టి, ఒకసారి ఊదుబత్తి కూడా వెలిగించాను. గుట్టు విప్పింది మా పెద్దమ్మ. ఆమె అన్నకు కన్నతల్లి. కాని కోడలు చాయ్‌లో అల్లం వేయదన్న న్యాయమైన కారణంతో రోజూ మా ఇంట్లోనే చాయ్ తాగేది. గోడకు రెండువైపులా తిరిగే హక్కున్న మనిషి ఆమె ఒక్కతే.

"ఏందిరా మీ లొల్లి," అన్నదామె గూటికేసి చూస్తూ. "దీపం పెట్టే జాగల నువ్వో డబ్బా పెడితివి. ఆవల వాడో డబ్బా పెట్టె, దుబాయ్ కెళ్లి వాని బామ్మర్ది తెచ్చిన ఫోన్‌ది. రెండు వీపుకు వీపు ఆనిచ్చుకొని కూసున్నయ్, అచ్చం మీ ఇద్దరి లెక్క."

ఆ ముసలితల్లి సంధి కోసం చెప్పిన ఆ మాటను నేను గూఢచారి తెచ్చిన వార్తగా స్వీకరించాను. డబ్బాతో పాటు వచ్చిన చిన్న పుస్తకాన్ని, మనలో ఎవరూ ఎన్నడూ చేయని విధంగా, మొదటినుంచి చివరిదాకా చదివాను. కార్డ్‌లెస్ ఫోన్లకు దూరంగా పెట్టండి, వీలు కాకపోతే చానెల్ మార్చి చూడండి అని ఉంది. చానెల్ అంటే డబ్బా గాలిలో మాట్లాడే దారి నంబరన్నమాట. ఒక సాయంత్రం కూర్చుని ఒక్కొక్క చానెలే మార్చుతూ పోయాను. పరీక్షించడానికి యంత్రం అక్కరలేకపోయింది, గోడవతల అన్న గొంతు ఉంది.

"హలో... హలో సేఠ్... ఆవాజ్ వస్తలేదే... హలో!"

ఒకటో చానెల్ మీద పెడితే ఫోనుకు మూడు హలోలు. ఆరో చానెల్ మీద తొమ్మిది, వాటి నడుమ ఆ ఫోన్ తయారుచేసినవాడి తాతముత్తాతల ప్రస్తావన. పదకొండో చానెల్ మీద పెట్టగానే అటు హలో ఆగిపోయింది, ఇటు మేడ మీద పేజీ కన్ను మూసి తెరిచేలోగా తెరుచుకుంది. ఇద్దరికీ సుఖం. మామూలు మనిషైతే అక్కడితో లేచి చేతులు కడుక్కునేవాడు.

నేనూ లేచాను. గుమ్మంలోకి వచ్చేసరికి పేడనీళ్లు మా గడపను పలకరిస్తూ పోతున్నాయి. తిరిగివెళ్లి ఆరు మీద పెట్టాను.

ఆ తర్వాతి మూడు వారాలు నా జీవితంలో అత్యంత తృప్తికరమైనవని ఒప్పుకోవడానికి నాకు సిగ్గుగా ఉంది, కాని మరీ అంత సిగ్గుగా లేదు. ఆఫీసు నుంచి పరుగున వచ్చేవాణ్ణి. అయిదు నుంచి ఆరున్నర దాకా అన్నకు పాల ఆర్డర్లు వచ్చే వేళ, అప్పుడు ఆరో చానెల్. ఆరున్నరకు మేడెక్కి, అమ్మాయి కంప్యూటర్‌లోనే నెట్ సరిచేస్తున్నానని చెప్పి పదకొండుకు మార్చి, ఫైల్ పోనిచ్చేవాణ్ణి. బాపు రాగానే నెట్ బాగవుతోందని మా అమ్మాయి మురిసిపోయేది. గోడకు చెవి ఆనించి, అన్న హలోలను సంగీతం తెలిసినవాళ్లు తాళం వేసినంత శ్రద్ధగా లెక్కపెట్టాను.

పెళ్లిళ్ల కాలం వచ్చింది. కార్వాన్ బస్తీ నుంచి ఎవరో పెద్ద వంటమేస్త్రీ, ఒక పెళ్లికి కావలసిన పాలన్నీ అన్న దగ్గరే పట్టుకుందామని ఫోన్ చేశాడు. ఆరుంపావుకు మొదలైన ఆ ఫోన్ తెగడం లేదు. అన్న పెరట్లోకి వెళ్లి అరిచాడు, కొట్టంలోకి వెళ్లి అరిచాడు, "అర్రె ఉస్తాద్, ఫోన్ పెట్టకు, జర ఆగు, హలో!" అని చివరికి బర్రెలు కూడా బదులు పలికాయి. ఆ ఆనందంలో నేను గడియారం చూసుకోలేదు. పైనుంచి అమ్మాయి రెండుసార్లు పిలిచిందట. మేడెక్కేసరికి ఏడుకు పది నిమిషాలు. చానెల్ మార్చే పేజీ తెరవబోతే అది తెరుచుకోలేదు, ఎందుకంటే దాన్ని తెరవడానికి కావలసిన నెట్‌నే అన్న ఫోన్ నొక్కిపట్టింది. ఆరో చానెల్ మీద ఇద్దరం ఒకరి గొంతు ఒకరం పట్టుకుని నిలబడ్డాం. డబ్బాతో వచ్చిన తీగ మూరెడే. ఆ బరువైన కంప్యూటర్‌ను నేనూ అమ్మాయీ మెట్ల మీదుగా గూటి దగ్గరికి మోసుకొచ్చి తగిలించేసరికి ఏడూ పది అయింది.

పెళ్లి పాలు వేరేవాళ్లకు పోయాయి. మర్నాడు మధ్యాహ్నం అమ్మాయి పని పోయిందని కబురొచ్చింది. ఆ పిల్ల కుర్చీ మీది ప్లాస్టిక్ కాగితాన్ని తానే చింపి తీసేసింది.

పెద్దబాపు ఫోన్ నీ కొలువు మింగిందమ్మా అని అమ్మాయికి చెప్పాను. చుట్టాలందరికీ చెప్పాను. అబద్ధం కాదు కదా, చానెల్ నంబరు ఒక్కటే చెప్పలేదు. మూడోనాడు పెద్దమ్మ వచ్చి, చాయ్ ముట్టకుండా నిలబడే చెప్పింది.

"తప్పయిందన్నడురా. గా ఫోన్ తీసి పెట్టెల పెట్టిండు. బిడ్డ నౌకరి నా ఫోన్ వల్ల పాయెనని రెండు దినాల నుంచి సక్కగ తింటలేడు."

సరేలే అన్నాను, చాలా హుందాగా. వారం తిరగకుండా మోరీ కూడా దారి మళ్లింది, అన్న తన ఖర్చుతో తానే మళ్లించాడు. అంత సంపూర్ణమైన విజయం నాకు మళ్లీ ఎన్నడూ దక్కలేదు.

అమ్మాయి తర్వాత బడిలో పంతులమ్మ అయింది, పెళ్లయి బహదూర్‌పురాకు కాపురానికి వెళ్లింది, బాగానే ఉంది. కాని పెద్దబాపు ఇంటి గడప మళ్లీ తొక్కలేదు. పండుగలకు పెద్దమ్మ చేత ఆయన పంపిన జున్ను అలాగే తిప్పి పంపేది. రెండేళ్ల కిందట అన్న పోయినప్పుడు పదోరోజున వచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి, అన్నం తినకుండా వెళ్లిపోయింది.

ఇప్పుడు గోడవతల ఎవరో కిరాయికి ఉంటారు, వాళ్ల గొంతు ఎలా ఉంటుందో నాకు తెలియదు. కార్డ్‌లెస్ ఫోన్లు పోయాయి. కొత్త డబ్బాలు తమకు తామే ఖాళీ చానెల్ వెతుక్కుని, ఎవరికీ అడ్డం రాకుండా కూర్చుంటాయట. ఆ పనిని మనిషి చేతికి వదలడం లేదు. పగ తీర్చుకోవాలన్నా పక్కింటివాడి సంగతి అంత శ్రద్ధగా తెలుసుకునే ఓపిక ఇప్పుడెవరికుంది అని నాకు అప్పుడప్పుడు దిగులుగా ఉంటుంది.

పోయిన ఆదివారం ఆ నెట్ మనిషి ముందే ఇదంతా ఉన్నదున్నట్టు చెప్పాను. అన్న పోయాడు కదా, ఇంకెవరికి నష్టమనుకున్నాను. హలోల లెక్క దగ్గర నెట్ మనిషి చేతిలోని స్క్రూడ్రైవర్ కింద పెట్టి మరీ నవ్వాడు, అల్లుడు నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు, మా ఆవిడ కూడా కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ పూట మమ్మల్ని చూడవచ్చిన మా అమ్మాయి మాత్రం నవ్వలేదు. అందరి నవ్వులూ అయ్యేదాకా ఆగి, చాయ్ కప్పులు ట్రేలో సర్దుకుంటూ, నా వైపు చూడకుండా అన్నది:

"అయితే నా నౌకరి తీసింది పెద్దబాపు కాదు, బాపు. నువ్వు."