కటింగ్ మాస్టర్ ఆరో కొట్టు

కటింగ్ మాస్టర్ మంచి పనివాడు. ఆ మాట కాదనేవాళ్లు లేరు. కానీ కోపం ముక్కు మీదే ఉంటుంది. సుద్దతో గుడ్డ మీద గీత గీస్తున్నప్పుడు యజమాని పక్కకొచ్చి నిలబడితే చాలు, తనను అనుమానిస్తున్నాడని ఒళ్లు మండిపోయేది. పని మానేసి, కత్తెర గుడ్డలో చుట్టి చంకన పెట్టుకుని నడిచేవాడు. అందుకే తోటి దర్జీలు ఆయనకు మూట మాస్టర్ అని పేరు పెట్టారు. ఎదురుగా మాత్రం అనరు లెండి, చేతిలో కత్తెర ఉంటుంది కదా!

కొట్టు మారినప్పుడల్లా ఊరు మారింది. ఊరు మారినప్పుడల్లా కూతురి బడి మారింది. చివరికి నాలుగో ఊళ్లో ఆ పిల్ల కొత్త బడి గుమ్మం తొక్కనని మొండికేసి, ఇంట్లో కూర్చుని గుండీలు కుట్టడం మొదలుపెట్టింది. ఆయన మాత్రం "మనకు మంచి యజమాని దొరకలేదు" అనేవాడు.

ఆరో కొట్టుకు వచ్చినప్పుడు సామాను విప్పుతూ భార్య చెప్పేసింది.

"ఇదే ఆఖరు. మళ్లీ మూట కట్టారంటే మీ దారి మీది. నేనూ పిల్లా మా అన్నయ్య ఇంటికి పోతాం."

ఆమె గొంతులో కోపం లేదు. ఆయన భయపడింది దానికే.

ఆ కొట్టు యజమాని ఒక పెద్దావిడ. భర్త పోయాక తనే నడుపుతోంది. పక్కకొచ్చి నిలబడదు, పల్లెత్తు మాట అనదు. గల్లా దగ్గర కూర్చుని ఆయన వైపే చూస్తుంటుంది, అంతే. కొన్నాళ్లు మాస్టర్‌కు ప్రాణం హాయిగా ఉంది. తర్వాత ఆ చూపు గుచ్చుకోసాగింది. నోటితో అనేవాళ్లే నయం, ఈవిడ కళ్లతోనే తప్పులు పడుతోందని కుమిలిపోయేవాడు.

ఒకరోజు ముఖమల్ కోటు పని వచ్చింది. ముఖమల్‌కు నూగు ఉంటుంది. ముక్కలన్నిటికీ ఆ నూగు ఒకే వైపుకు ఉండేలా కత్తిరించాలి, లేకపోతే ఒకే గుడ్డ రెండు రంగుల్లో కనిపిస్తుంది. నిన్నగాక మొన్న పనిలో చేరినవాడికైనా తెలిసిన సంగతే. ఆ చూపు వీపుకు తగులుతోందని పళ్లు కొరుకుతూ, మాస్టర్ ఒక ముక్కను తలకిందులుగా కత్తిరించేశాడు.

తప్పు చూసుకుని హడలిపోయాడు. భయం వెంటనే కోపమైంది. ఆయనకు అలవాటైన దారి అది.

"అలా గుడ్లప్పగించి చూస్తుంటే ఎవడికైనా పని సాగుతుందామ్మా? నా మీద నమ్మకం లేకపోతే చెప్పండి, పోతాను!" అంటూ కత్తెర చుట్టబోయాడు.

"చూడడమా?" అంది పెద్దావిడ. "నాకు చూపు ఆనక రెండేళ్లయింది మాస్టరూ. మసక తప్ప ఏమీ లేదు. తెలిస్తే పనులు రావని ఎవరికీ చెప్పలేదు. కత్తెర చప్పుడు వచ్చే వైపు తల తిప్పుతాను, అంతే."

మాస్టర్ చేతులు ఆగిపోయాయి. ఇన్నాళ్లూ యజమానులందరి కళ్లలో కనబడిన అనుమానం, ఏమీ చూడలేని ఈ కళ్లలోనూ కనబడింది. అంటే అది వాళ్లది కాదు. ఆయన సిగ్గుతో చచ్చిపోయాడు.

పెద్దావిడ తడుముకుంటూ వచ్చి రెండు ముక్కల మీదా అరచెయ్యి పెట్టి చూసింది.

"ఇది తిరగబడింది. ఎవరి తప్పు మాస్టరూ?"

గుడ్డ మంచిది కాదు, వెలుతురు చాలదు... సాకులన్నీ నాలుక చివరే ఉన్నాయి.

"నాదేనమ్మా," అన్నాడు.

సాయంత్రం కోటు తాలూకు మనిషి వచ్చి నానా మాటలూ అన్నాడు. కాళ్లు గుమ్మం వైపు లాగుతున్నా మాస్టర్ తలవంచుకుని అన్నీ పడ్డాడు. అతను వెళ్లాక పెద్దావిడ, "రేపు పెందలాడే రండి," అని మాత్రం అంది.

ఇంటికెళ్లి భార్యకు జరిగినదంతా చెప్పాడు. "తప్పు నాదే. అన్ని కొట్లలోనూ నాదే. ఇంకెక్కడికీ పోను." ఆమె సంతోషిస్తుందనుకున్నాడు. ఆమె గోడకు చేరగిలబడి ఏడ్చింది.

"ఈ మాట రెండో కొట్లో అని ఉంటే, పిల్ల చదువుకునేది కదండీ."

మాస్టర్ కూతురి దగ్గరకు వెళ్లి కూర్చున్నాడు.

"రేపు బడికి వెళ్దామా తల్లీ? నేనే తీసుకెళ్తాను."

"నా ఈడువాళ్లు కాలేజీలో ఉన్నారు నాన్నా," అని ఆ పిల్ల తల ఎత్తకుండానే దారం కొరికింది.