సమస్య లేదన్న పల్లె

ట్యాంకరు పైపు నుంచి ఖాళీ ప్లాస్టిక్ బిందెలోకి తొలి ధార పడినప్పుడు డబడబమని ఒక శబ్దం వస్తుంది. ఉదయగిరి చుట్టుపక్కల పల్లెల్లో నీళ్ళ సరఫరా చూసే ఉద్యోగం నాది కాబట్టి, ఎండాకాలమంతా ఆ శబ్దం చెవిన పడుతూనే ఉంటుంది. పడినప్పుడల్లా రమణమ్మ మేడం గుర్తొచ్చి మనసు చివుక్కుమంటుంది.

ఆత్మకూరులో నేను డిగ్రీ చదివేటప్పుడు ఆమె మాకు ఫిలాసఫీ చెప్పేవారు. గొర్రెలు మేపుకునే ఇంట్లో పుట్టి అంత చదువు చదివారు. పెళ్ళి చేసుకోలేదు. మా బ్యాచ్‌లో ఆమె సబ్జెక్టు తీసుకున్నది ముగ్గురం. మిగతా ఇద్దరూ వేరే సీటు దొరక్క వచ్చినవాళ్ళే. ఫెనామినాలజీ అనే నోరు తిరగని పేరును ఆమె ఒక్క ముక్కలో తేల్చేసేవారు: "మనం ఒక పేరు తగిలించకముందు, అది ఆ మనిషికి ఎట్టుండాదో చూడటం. అంతే అమ్మాయ్." పరీక్షకు పనికొస్తుందని రాసుకున్నాను. అంతకు మించి పట్టించుకోలేదు.

ఆ ఏడాది వానలు మొహం చాటేశాయి. ఏ పల్లెకు నీళ్ళ ట్యాంకరు పంపాలో తేల్చడానికి అధికారులు మా కాలేజీ పిల్లల చేత సర్వే చేయించారు. నా వంతుకు వచ్చిన ఒక చిన్న పల్లెలో అందరూ గొర్రెల వెంట పోయారు. గుమ్మంలో ఒక అవ్వ మాత్రం కూర్చుని ఉంది. "నీళ్ళ సమస్య ఉందా?" అని అడిగాను. "సమస్యేముండాది? ఏం లేదు," అంది. ఆమె మాటే అందరి మాట అనుకుని అన్ని ఫారాల్లోనూ 'లేదు' దగ్గర టిక్కు పెట్టేసి, పని త్వరగా అయిందని మురిసిపోయాను. ఆ పల్లెకు ట్యాంకరు రాలేదు.

సంగతి తెలిసి మేడం నన్ను తిట్టలేదు. ఆదివారం బస్సెక్కించి అదే అవ్వ దగ్గరికి తీసుకెళ్ళారు. "ఏమీ అడగొద్దు. ఆమెతో నడువు," అన్నారు. ముగ్గురం నడిచాం. బావి ఎక్కడో కొండ వార ఉంది. తిరిగొచ్చేటప్పుడు అవ్వ మూడుచోట్ల బిందె దించి ఆగింది. పెదాలు ఎండిపోయినా గుక్కెడు తాగలేదు.

"తాగవా అవ్వా?" ఉండబట్టలేక అడిగాను.

"తాగితే మళ్ళా రావాల గదమ్మా."

"మరి సమస్య లేదన్నావే?"

"సమస్యలంటే ఆఫీసుల్లో ఉండేవి గదా. మాకేముండాది, నడకే గదా."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ సాయంత్రం, చూసింది చూసినట్టు ఒక పేజీ రాశాను. దాన్ని పట్టుకుని మేడం నీళ్ళ సరఫరా ఆఫీసు చుట్టూ తిరిగారు. "ఇది కథ మేడం, రిపోర్టు కాదు," అన్నాడట అక్కడి అధికారి. "కథైతే ఆ బిందె ఒక్కసారి నువ్వెత్తి చూడు నాయనా," అన్నారట ఈమె. పది రోజులకు ట్యాంకరు వెళ్ళింది.

మరుసటి ఏడాది ఎవరూ చేరక ఆ సబ్జెక్టే ఎత్తేశారు. రిటైరయ్యేదాకా మేడం లైబ్రరీలో ఒక మూల కూర్చుని గడిపారు. నాకు ఉద్యోగం వచ్చాక స్వీట్లు పట్టుకుని ఆమె అద్దె గదికి వెళ్ళాను. మనిషి సగమయ్యారు. "ఎలా ఉన్నారు మేడం?" అంటే, "బాగుండానమ్మా. నీకు బస్సు టైమైంది, పో," అన్నారు. మధ్యాహ్నమైనా పొయ్యి వెలిగించిన జాడ లేదు. ఉన్న ఒక్క కుర్చీ నిండా పుస్తకాలు; ఎవరైనా వచ్చి కూర్చుని ఎన్నాళ్ళయిందో. ఇవన్నీ నా కళ్ళతోనే చూశాను. చూసి కూడా బస్సెక్కేశాను. నెల తిరక్కముందే ఆమె పోయారని తెలిసింది.

అవ్వ దగ్గర నేను చేసిన తప్పు దిద్దడానికి మేడం ఉన్నారు. మేడం దగ్గర చేసినదాన్ని దిద్దడానికి ఎవరూ లేరు. ఇప్పుడు ఒంటరిగా ఉండేవాళ్ళెవరైనా బాగున్నానంటే, ఆ పూటకు బస్సు వదిలేసి వాళ్ళ దగ్గర కూర్చుంటాను.