రెండోసారి అన్న మాట

నా చిన్నప్పుడు మా అలియాబాద్‌లో అమెరికా పాటలు వినిపించే ఇల్లు మాదొక్కటే. అందులో మా గొప్పేమీ లేదు. మా బాపుకు ఒక దోస్తు ఉండేవాడు, శామీర్‌పేటలో పండ్ల వ్యాపారం. మా ద్రాక్ష తోట పంటంతా ఆయనే సికింద్రాబాద్ తీసుకుపోయి అమ్మేవాడు. అక్కడ ఆయన పండ్లు ఇచ్చే బంగళాలోని ముసలి తెల్ల దొరసాని ఊరు విడిచి వెళ్తూ, తన పాటల పెట్టెనూ రికార్డులనూ ఆయన చేతిలో పెట్టి పోయిందట. ఇక చూడండి, నేను చాచా అని పిలిచే ఆ మనిషికి జాజ్, బ్లూస్ పిచ్చి పట్టుకుంది. దొరసాని చెప్పిన కబుర్లన్నీ ఆయనకు కంఠతా వచ్చు.

వీలు చిక్కితే చాలు, పెట్టె మోసుకుని మా ఇంటికి వచ్చేవాడు. జాజ్ పుట్టిన ఊళ్లో శవాన్ని సాగనంపేటప్పుడు బూరలు మెల్లగా ఊదుతారనీ, తిరిగి వచ్చేటప్పుడు గంతులేస్తూ ఊదుతారనీ అడగకపోయినా చెప్పేవాడు. హకీం మందు ఇచ్చినట్టు, ఎవరికి ఏ పాట పడుతుందో కూడా ఆయనే తేల్చేవాడు. వానలు మొహం చాటేసిన ఏడు వినడానికి ఒకటి, కడుపునిండా తిన్నాక వినడానికి మరొకటి. బాపు గోడకు చేరగిలబడి వింటూ మధ్యమధ్య కునుకు తీసేవాడు. నీకు అర్థమవుతుందా అని ఒకసారి అడిగాను.

"నాకేం సమజైతది బిడ్డా. గీ పాటల ముచ్చట వాడు జెప్పుకోనీకి ఇంకెవరున్నరు?" అన్నాడు బాపు.

ఒక ఏడు వానాకాలంలో మా అవ్వకు పక్షవాతం వచ్చి నోరు పడిపోయింది. మా వాడకట్టులో బతుకమ్మ పాటెత్తేది అవ్వే. ఆమె ఒక మాట అంటే, చుట్టూ తిరిగే ఆడవాళ్లంతా ఉయ్యాలో అని అందుకునేవారు. ఈసారి పాటెత్తే మనిషి లేదు కనుక పక్క వాడకట్టు వాళ్లలో కలిసిపోదామని అమ్మలక్కలు మా అరుగు మీదే కూర్చుని అనుకున్నారు. లోపల మంచం మీదున్న అవ్వకు చెవులు బాగానే పనిచేస్తున్నాయన్న సంగతి ఎవరికీ తోచలేదు. ఆమె కళ్లలోంచి నీళ్లు కారాయి. కాసేపటికి ఎడమచెయ్యి ఎత్తి, పాట ఇది ఎత్తుతుందన్నట్టు నన్ను చూపించింది.

అవ్వ పక్కలో పడుకుని విన్న పాటలే కాబట్టి అన్నీ నాకు వచ్చు. వస్తే మాత్రం, నడుమ మరిచిపోతే? అందరి ముందు పాట ఆగిపోతే అవ్వ పరువు నా చేతుల్లో పోతుందని నాకు అన్నం సయించలేదు. సద్దుల బతుకమ్మ రోజు పొద్దున చాచా వస్తే, ఆయన ముందు ఏడ్చేశాను.

ఆయన ఓదార్చలేదు. పెట్టె తెరిచి ఒక రికార్డు పెట్టాడు. ఎవరో బొంగురు గొంతుతో పాడుతున్నాడు.

"ఇన్నవా బిడ్డా? ఒక్కటే మాట రెండుసార్లు అన్నడు. ఎందుకో ఎర్కేనా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"పత్తి చేన్లల్ల కూలి జేసినోళ్ల పాట గిది. కాయితం జూసి పాడేది గాదు. మొదలు ఒక మాట అంటడు. మల్ల గదే మాట అంటడు. గట్ల అంటుండంగనే మూడో మాట యాదికొస్తది. రాకుంటే దిల్‌ల ఏమున్నదో గదే కల్పించి అంటడు. పరేషాన్ గాడు."

"తప్పు పాడిండని నవ్వరా చాచా?"

"ఎనుకున్నోళ్లు తాళం ఆపరు గదా. ఇగ నవ్వేదెవరు?"

సాయంత్రం అవ్వను గడప దగ్గర చాప మీద, గోడకు ఆనించి కూర్చోబెట్టారు. వాకిట్లో బతుకమ్మలు పెట్టి అందరూ చుట్టూ చేరారు. నేను పాటెత్తాను. కాసేపు బాగానే సాగింది. "గునుగు పూలకు బోతి ఉయ్యాలో" అన్నాను. ఆ తర్వాతి మాట ఎంత వెతికినా దొరకలేదు. కాళ్లు తిరుగుతున్నాయి, చప్పట్లు పడుతున్నాయి, నా నోట మాత్రం మాట లేదు. దిక్కుతోచక అవ్వ వైపు చూశాను. ఆమె పెదవులు కదులుతున్నాయి. నాకు కావలసిన మాట ఆమెకు తెలుసు, చెప్పలేకపోతోంది.

అదే మాట మళ్లీ అన్నాను. ఆడవాళ్లు ఉయ్యాలో అన్నారు. అంతలో ఏ పాటలోనూ లేని మాట నా నోటికి వచ్చింది.

"గడపల మా అవ్వ ఉయ్యాలో, కండ్లతోని పాడె ఉయ్యాలో."

ఆడవాళ్ల గొంతులు ఒక్క క్షణం తడబడ్డాయి. ఆ తర్వాత మా వాడకట్టు అంత గట్టిగా ఉయ్యాలో అనడం నేనెప్పుడూ వినలేదు. అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. అవ్వ ఎడమచేత్తో తొడ మీద తాళం వేస్తోంది. నాకు ఎంత సంతోషమైందో ఇప్పుడు చెప్పాలన్నా చేతకాదు.

మళ్లీ బతుకమ్మ వచ్చేసరికి అవ్వ లేదు. ఇప్పుడు ఆ ద్రాక్ష తోటా లేదు, అక్కడంతా ప్లాట్లు. జాజ్ వినాలనిపిస్తే మనవరాలు ఫోన్లో పెట్టి ఇస్తుంది. విన్నంతసేపూ చాచా చెప్పిన కబుర్లు దానికి చెబుతాను, అది అడగకపోయినా.

చావు పలకరింపుకు పోయినప్పుడు ఏమనాలో నాకు ఈనాటికీ తోచదు. మంచి మనిషి అంటాను. అదే మళ్లీ అంటాను. అప్పుడు ఆ మనిషి గురించి నా మనసులో ఉన్న మాట దానంతటదే వస్తుంది. చాచా పోయిన రోజు ఆయన భార్య, మా చాచి పక్కన కూర్చున్నప్పుడూ అంతే. "మంచోడు చాచీ" అన్నాను, ఇంకోసారి అన్నాను. ఆ తర్వాత, "మా అవ్వ ఆఖరి పండుగ ఆగకుండ జేసిండు" అన్నాను.

చాచి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మల్లొక్కసారి అను బిడ్డా" అంది.

మళ్లీ అన్నాను.